మాత్రకు తగ్గిన వాపు

తలలో గడ్డ ఉన్న మనిషికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే ఒకటి రెండు రోజుల్లోనే తలనొప్పి తగ్గుతుంది, వాంతులు ఆగుతాయి, పట్టు తప్పిన చెయ్యి మళ్లీ గ్లాసు పట్టుకుంటుంది. మదనపల్లెలో ప్రాక్టీసు చేసే నాకు అసలు పని అక్కడే మొదలవుతుంది. పుంగనూరు నుంచి వచ్చిన ఒకామె భర్తను చూపిస్తూ అంది: “బాగైపోయె కదా సార్, ఇంక వేలూరు దాకా ఏమిటికి?”

తగ్గింది వాపు. గడ్డ అట్లే ఉంది. ఈ రెంటినీ విడదీసి చెప్పడమే మా విద్యలో కష్టమైన పని.

గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఒంటరిగా పెరగదు. సీసీఎల్2 అనే సంకేతాన్ని వదిలి రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాలను మెదడులోకి రప్పించుకుంటుంది. మెదడులోనే కాపలా ఉండే మైక్రోగ్లియా కూడా చుట్టూ చేరుతుంది. కొన్ని గడ్డల్లో మూడోవంతు నుంచి సగం దాకా ఈ కణాలే ఉంటాయి. గడ్డను తినేయాల్సినవి దానికే ఊడిగం చేస్తాయి, నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఇదే. ఐఎల్-6 అనే సంకేతం అందుకున్న క్యాన్సర్ కణంలో స్టాట్3 అనే ప్రోటీన్ మేలుకుని కణాన్ని పెంచుతుంది. టీజీఎఫ్-బీటా అనే ఇంకో సంకేతం మిగతా రోగనిరోధక కణాలను అణచేస్తుంది. వీఈజీఎఫ్ అనే మరొకటి రక్తనాళాల గోడలను వదులు చేస్తే మెదడులోకి నీరు ఊరుతుంది. తలనొప్పిలో చాలా భాగం ఆ నీటిదే. 1961లో గాలిసిచ్, ఫ్రెంచ్ వెల్లడించినప్పటి నుంచీ ఆ ఊటకు డెక్సామెథసోనే దిక్కు. అంతేగానీ గడ్డను అది నయం చేయదు.

మా వైపు ఇంకో చిక్కుంది. క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానటోరియం వెలసిన నేల ఇది. క్షయ మెదడులోనూ గడ్డ కడుతుంది. ఎంఆర్ఐలో అది ఉంగరంలా మెరుస్తుంది. బద్దెపురుగు తిత్తి, క్యాన్సర్ కూడా అట్లే మెరవొచ్చు. క్షయ క్రిముల చుట్టూ గోడ కట్టడానికి తోడ్పడే టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే సంకేతం క్యాన్సర్ గడ్డలోనూ కనిపిస్తుంది. స్టెరాయిడ్ మూడింటి చుట్టూ ఉన్న వాపునూ తగ్గిస్తుంది కాబట్టి, మాత్రకు తగ్గినంత మాత్రాన జబ్బేదో తేలదు.

లింఫోమా అనే తెల్లకణాల క్యాన్సర్ అయితే మరీ ప్రమాదం. స్టెరాయిడ్‌కు ఆ గడ్డే కరిగినట్టవుతుంది, ముక్క తీసి చూస్తే ఏమీ తేలకపోవచ్చు, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. దానికి మెథోట్రెక్సేట్ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ కంపెనీ పరిశోధనల్లో వచ్చిన మందది. కానీ ముందు జబ్బు పేరు తేలాలి. అందుకే లింఫోమా అనుమానం ఉండి, రోగి తట్టుకోగలిగితే, మాత్ర ఇవ్వకుండానే పంపుతాను.

కుప్పం వాళ్లు రైలెక్కి బెంగళూరులోని నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు పోతారు. మా దగ్గర్నుంచి చాలామంది 1949లో జేకబ్ చాందీ న్యూరోసర్జరీ మొదలుపెట్టిన వేలూరు సీఎంసీకే. ఎటు పోయినా చీటీ మీద స్టెరాయిడ్ మొదలైన తేదీ, మోతాదు పెద్దగా రాసిస్తాను. పుంగనూరు ఆమెకూ రాసిచ్చాను. దారిలో షుగరు చూపించుకోమన్నాను, మాత్రలు ఉన్నట్టుండి ఆపొద్దన్నాను, రిపోర్టు కాగితమొకటే కాదు, ఎంఆర్ఐ ఫిల్ములన్నీ పట్టుకుపొమ్మన్నాను.