శోకానికి నిడివి: ‘మిర్రర్ రీపర్’ – విమర్శకుల స్పందన

అమెరికాలోని సియాటెల్ నగరానికి చెందిన ‘బెల్ విచ్’ బృందం 2017 అక్టోబరులో వెలువరించిన ‘మిర్రర్ రీపర్’ 83 నిమిషాల ఏకగీతం. అతి విలంబిత లయలో సాగే డూమ్ మెటల్ సంగీతమిది. ఇందులో గిటారు లేదు. బేస్, డ్రమ్స్, ఆర్గాన్, గళాలే ఆధారం. బృందం పూర్వ సభ్యుడు ఏడ్రియన్ గెర్రా 2016లో మరణించారు. అంతకుముందు రికార్డు చేసి వాడకుండా ఉంచిన ఆయన గళాన్ని ఈ కూర్పు మధ్యభాగంలో పొందుపరిచారు.

విమర్శకులు ఈ ఆల్బమ్‌ను విస్తృతంగా ప్రశంసించారు. అయితే చాలా సమీక్షలు ఈ మరణాన్నే ముందుంచి కృతిని వివరించాయి. ఆ నేపథ్యం ఎరుగని శ్రోతకు ఇందులోని శోకం అందుతుందా అన్నది అసలు ప్రశ్న. అందుతుందనే చెప్పాలి. అందుకు కారణం నిర్మాణం. చాలాచోట్ల ఒక స్వరం మోగి సన్నగిల్లేదాకా మరొకటి రాదు. ఈ నిరీక్షణ సుదీర్ఘంగా కొనసాగడంవల్ల, లేని మనిషి కోసం ఎదురుచూడటం శ్రోతకు సొంత అనుభవమవుతుంది. గెర్రా మరణం ఈ శోకానికి హేతువును తెలుపుతుందే తప్ప, దాని బలాన్ని వివరించలేదు. స్మృతికావ్యాలను కవి జీవితంతోనే కొలిచే సాహిత్య విమర్శ కూడా ఈ భేదాన్ని గుర్తించవలసి ఉంది.