దొరికిన ఫైలుతోనే చిక్కు

కాశిబుగ్గలో ఇల్లు కట్టుకునేవాళ్లు జాగాను గజాల్లో చెబుతారు, గదిని అడుగుల్లో అడుగుతారు. మేమూ అడుగులు, అంగుళాల్లోనే ప్లాన్ గీస్తాం. అది హన్మకొండలోని స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి పోతే ఆయన మిల్లీమీటర్లలో పిల్లర్లు పెడతాడు. కరెంటు డ్రాయింగ్ ఇంకోచోట. వాళ్లిద్దరూ మా ప్లాన్‌ను ఆటోక్యాడ్‌లో ఎక్స్‌రెఫ్‌గా తగిలించుకుని దానిమీద గీసుకుంటారు. ఇక్కడ గోడ జరిగితే రీలోడ్ కొట్టగానే అక్కడా జరగాలి. 1990లో రిలీజ్ 11తో వచ్చిన ఈ సదుపాయం లేకుంటే గోడ జరిగినప్పుడల్లా ముగ్గురం మళ్లీ గీయాల్సిందే.

"ఎక్స్‌రెఫ్ పోయింది సార్" అని ఆఫీసులో పిల్లలు కంగారుపడేది గోడలు మాయమై, వాటి చోట ఫైలు పాత్ మాత్రం అక్షరాల్లో కనబడినప్పుడు. అది చిన్న జబ్బు. మనవాళ్లు డ్రాయింగ్ వాట్సాప్‌లో పంపుతారు. వచ్చేది ఆ ఒక్క ఫైలే, తగిలించినవన్నీ పంపినాయన డీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఈట్రాన్స్‌మిట్ కొడితే అన్నీ కలిపి జిప్ చేసిస్తుంది. పాత్ రిలేటివ్‌గా ఉంటే ఫోల్డర్ మొత్తాన్ని ఎక్కడికి మార్చినా లింకు తెగదు. 2018 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్. ఒక్కోసారి ఫైలు వచ్చే ఉంటుంది గానీ, యూనిట్లు సరిచూడక 25.4 రెట్లు చిన్నదై ఏ మూలనో పడుంటుంది. జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే బయటపడుతుంది.

నాకు భయం గీతలు కనబడుతున్నప్పుడే. ఈమధ్య ఎనుమాముల రోడ్డు పక్కన ఒకరింటికి మెట్లు ఉత్తరానికి తొమ్మిదంగుళాలు జరిపాం. ఇంజినీరు పంపిన షీటులో పిల్లర్ మాత్రం పాత మెట్ల మూలనే నిలబడి ఉంది. "రీలోడ్ చేసిన కదన్నా, లోడెడ్ అనే చూపిస్తుంది" అంటాడాయన. నిజమే, చూపిస్తోంది. ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో కిందికి చూస్తే సేవ్డ్ పాత్ ఒకటి, ఫౌండ్ ఎట్ మరొకటి. రాసిపెట్టిన పాత్‌లో ఫైలు దొరక్కపోతే ఆటోక్యాడ్ ఊరుకోదు, డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లోనే అదే పేరుతో ఇంకోటి ఉందేమో వెతుకుతుంది. అక్కడ ఎప్పటిదో పాత కాపీ ఉంది. పిలిచింది ఒకరినైతే అదే పేరున్న పక్కింటాయన వచ్చి కూర్చున్నట్టు, అది వచ్చి లోడైపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు.

ఈ గొడవ వద్దని చాలామంది తగిలించినవన్నిటినీ తమ ఫైల్లోనే కలిపేసి బైండ్ చేసేస్తారు. పర్మిషన్‌కు పంపే కాపీకైతే సరే. పనిచేసే ఫైలుకు బైండ్ చేస్తే లేయర్ల పేర్ల మధ్య డాలర్, సున్నా, డాలర్ వచ్చి చేరతాయి, లింకు అక్కడితో సరి. ఆ తర్వాత మేం జరిపే గోడ వాళ్లకెప్పటికీ తెలియదు. నా లెక్కలో అది మందు కాదు, నొప్పి తెలియకుండా వేసే సూది.

ఇంజినీరు పాత కాపీని డిలీట్ చేయనివ్వలేదు, దాంట్లో ఆయన కొలతలేవో ఉన్నాయట. పేరు చివర 'పాతది' అని చేర్చి రీలోడ్ కొట్టించాం. ఈసారి నాట్ ఫౌండ్ అని వచ్చింది. అసలు ఫైలు చూపించాం, పిల్లర్ జరిగింది. మేస్త్రీ ముగ్గు పోయడానికి తెల్లారే వస్తానన్నాడు. పక్కనే కూర్చుని అంతా చూసిన ఇంటాయన మాత్రం "పేరు మార్చుటానికి ఇంతసేపా సార్?" అని లేచాడు.