గోడ అంచు మీది చుక్క

2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఓటు వేసి ప్లూటోను గ్రహాల లెక్కలోంచి తీసేసింది. అంతకు నెల ముందే ఒమన్‌లోని ఐదు ఫలజ్‌లు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఈ రెండు వార్తలకూ చుట్టరికం ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఫలజ్ అంటే భూమిలోని నీటినో ఊటనో వాలు మీద ఖర్జూరపు తోటల దాకా తెచ్చే కాలువ. రాత్రీపగలూ పారుతూనే ఉంటుంది గనక వంతులు కాలంతో కొలుస్తారు. ఒక అథర్ సుమారు అరగంట. ఫలజ్ వ్యవహారాలు చూసే పెద్ద వకీల్, వంతులు వేలం వేసేవాడు దలాల్. మన వకీలు, దళారి కూడా ఆ అరబ్బీ మాటలే. నీళ్లు మళ్లించే అరీఫ్‌ది అచ్చంగా మన నీరటి పని.

పగలు చదును నేలలో పాతిన కర్ర నీడే గడియారం. అసలు పనితనమంతా రాత్రిదే. చూసేవాడు ఎప్పుడూ ఒకే చోట కూర్చోవాలి. ఎదురుగా కొండ గట్టో, గోడ అంచో ఉంటుంది. ఫలానా చుక్క ఆ అంచు మీద పొడవగానే, లేదా చాటుకు దిగగానే ఒకరి మడవ మూసి ఇంకొకరిది తీస్తారు. మన పిల్లలకోడి అక్కడ థురయ్యా. చుక్కలు రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందుగా వస్తాయి. వారం తిరిగేసరికి ఒక అథర్ జరిగిపోతుంది. ఏ నెలలో ఏ చుక్కతో రాత్రి మొదలవుతుందో నోటికి వచ్చి ఉండాలి. అల్ హమ్రా దగ్గరి ఖర్యా బనీ సుబ్ లాంటి ఊళ్లలో ఈ విద్య మన కాలం దాకా నిలిచింది. హారియట్ నాష్ అనే పరిశోధకురాలు దాన్ని ఓపిగ్గా రాసిపెట్టారు.

ఇందులో గ్రహాన్ని చుక్క అనుకుంటే పంపకం చెడుతుంది. అంగారకుడు తోటి చుక్కల మధ్య సగటున రోజుకు అర డిగ్రీ జరుగుతాడు. 8 రోజుల్లో 4 డిగ్రీలు, అంటే అంచు మీదికి రావడంలో సుమారు 16 నిమిషాల తేడా. అరగంట వంతులో సగం పోయినట్టే! పైగా కొన్నాళ్లు వెనక్కి నడుస్తాడు. ఇరుగుపొరుగు చుక్కలతో ఎడం మారుతోందా అన్నదే పరీక్ష. ఎంత నికార్సైన పరీక్ష! గ్రీకులు తిరుగాడేది అని పేరు పెట్టింది కూడా ఈ గుణం చూసే. మనకు గ్రహమంటే పట్టుకునేది. అందుకే సూర్యచంద్రులూ, కంటికి కనిపించని రాహుకేతువులూ నవగ్రహాల్లో కుదురుకున్నారు.

ప్రాగ్ షరతులు మూడు. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుకు గుండ్రబడాలి, తన దారిని శుభ్రం చేసుకుని ఉండాలి. ప్లూటో మూడో దాని దగ్గర ఆగిపోయింది. నెప్ట్యూన్ అవతల దాని దారిలో మంచు గోళాలు గుంపుగా ఉన్నాయి. 2005లో ప్రకటించిన ఎరిస్ దాదాపు ప్లూటో అంతే. చాలామంది తప్పుపట్టే ఆ మూడో షరతే నాకు నచ్చుతుంది. ఒక వస్తువు ఏమిటో దాని చుట్టుపక్కల చూసి తేల్చుకోవడం అరీఫ్‌కు ఎప్పటి నుంచో అలవాటు.

తెల్లవారుజామున వేగుచుక్క తోట మీద ఎంత ధగధగలాడినా, అతను పక్కనున్న మసక చుక్క గోడ అంచు మీద పొడిచేదాకా మడవ మీద చెయ్యి వెయ్యకూడదు.