సైలెన్సర్ మార్చే ముందు

కొత్త క్లాసిక్ 350 ఇంటికొచ్చి నెల తిరగకముందే చాలామంది కుర్రాళ్ల మనసు సైలెన్సర్ మీదికి పోతుంది. బండి అంతా నచ్చింది, చప్పుడే చాలలేదు. షాపు గోడకు వేలాడే ‘ఇందోరి’, ‘పంజాబ్’, ‘షార్ట్ బాటిల్’ సైలెన్సర్లు చూశాక ఇక నిద్రపట్టదు. నాన్నలు నడిపిన పాత బుల్లెట్ డుగుడుగులు చెవుల్లో నిలిచిపోయిన తరమిది. ఆ ఇష్టాన్ని తప్పుపట్టలేం.

కానీ పాత బుల్లెట్‌కి గొట్టం మార్చడం వేరు, ఇప్పటి బండికి వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 బళ్లలో ఎగ్జాస్ట్ పైపుకి ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది చెప్పిన లెక్కను బట్టే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోలు కొలిచి పోస్తుంది. దాని తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్: ప్లాటినం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూతతో తేనెపట్టులా ఉండే అరలు. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలు ఆవిరిని విరిచేసేది అదే. అది ముందరి బెండ్ పైపులో ఉంటే వెనక డబ్బా మార్చినా మిగులుతుంది. పైపంతా మారిస్తే అదీ పోతుంది. సెన్సర్‌కు ముందున్న గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే బయటిగాలి దూరుతుంది. పెట్రోలు చాలడం లేదనుకుని ఈసీయూ ఇంకాస్త పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. యాక్సిలరేటర్ వదలగానే వినిపించే టపటపలకు మురిసిపోయేవాళ్లున్నారు. ఇంజిన్లో కాలాల్సిన పెట్రోలు గొట్టంలో మండుతున్న చప్పుడది.

మరి పవర్? 349 సీసీ ఇంజిన్, 20 హార్స్‌పవర్ చిల్లర. డబ్బా ఒక్కటి మారిస్తే సీటు మీద కూర్చున్నవాడికి తెలిసేంత తేడా రాదు. బరువు తగ్గే మాట నిజమే. రెండు సైలెన్సర్లుండే 650 సీసీ బండి మీద అది ఇంకా బాగా తెలుస్తుంది. ఆ లాభం అక్కరకొచ్చేది రేస్ ట్రాక్ మీద.

ఇక చప్పుడు సంగతి. 175 సీసీ దాటిన బైకులకు తయారీ దశలో ధ్వని హద్దు 80 డెసిబెల్స్. దానిపైన పది పెరిగితే ధ్వని శక్తి పదింతలవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు మోత. ఆ హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు.

జరిమానా సంగతి అలా ఉంచినా, రాత్రి పదకొండింటికి సందులోకి బండి మళ్లితే అప్పుడే కళ్లు మూసిన పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది. చప్పుడు కోసమే అయితే మార్చొద్దు. తుప్పుపట్టి మార్చక తప్పకపోతే కంపెనీదే వేయించండి. ఇప్పటికే మార్చినవాళ్లు విప్పిన కంపెనీ సైలెన్సర్‌ను పాత ఇనుము కొట్టుకి వేయకుండా, ఈ ఆదివారమే మళ్లీ బిగించుకోండి.