పాట కింద పేరు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటకు పైన రాగం, తాళం, కింద రాసినవారి పేరు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి 1890లో కన్నుమూశారు. ఇన్నేళ్లయినా ఆయన పేరు ఆయన కీర్తనలను అంటిపెట్టుకునే ఉంది. ఇప్పుడు వాట్సాప్‌లో నాకు వచ్చే స్లైడ్లు చూడండి. వెనక నీలాకాశం, ఎగిరే పావురం, పసుపు అక్షరాల్లో పల్లవి, కుడివైపు మూలన ఆ ఫైలు తయారుచేసినవారి ఫోన్ నంబరు. పాట రాసినవారి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

కాలాపేటలో మాది చిన్న తెలుగు ప్రార్థన కూటం. యూనివర్సిటీలో చదివే పిల్లలు, దగ్గర్లోని ఆసుపత్రిలో పనిచేసే నర్సులు, యానాం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రెండు మూడు కుటుంబాలు. చుట్టూ తమిళం వినిపించే ఊళ్లో వారానికోసారి తెలుగులో నోరారా పాడుకోవాలని కూడతాం. పాటలు ఎంచడం, స్లైడ్లు చేయడం, క్రిస్మస్‌కు చిన్న పాటల పుస్తకం వేయించడం నా వంతు. ఈ పని చేసేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. వాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది: దేవుని పాటకు కాపీరైట్ ఏమిటి? ఆ మాట నాకు నచ్చదు. పాట దేవునిదే కావచ్చు, రాత్రుళ్లు మేలుకుని రాసింది మాత్రం మనిషే.

నిజానికి చట్టం మనల్ని బాగానే ఆదరించింది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కింద మినహాయింపుల పెద్ద జాబితా ఉంది. అందులో ‘జెడ్ఏ’ అనే క్లాజు ప్రకారం నిజమైన మతపరమైన కార్యక్రమంలో భాగంగా ఎవరి పాటైనా పాడవచ్చు, ఎవరి రచనైనా చదవవచ్చు, రికార్డయినా వినిపించవచ్చు. పెళ్లి ఊరేగింపును, పెళ్లికి సంబంధించిన వేడుకలను కూడా ఆ లెక్కలోనే కలిపారు. ఆలయంలో భజనకు, మసీదులో కార్యక్రమానికి, చర్చిలో ఆరాధనకు ఒకటే న్యాయం. అనుమతి అక్కర్లేదు, రుసుము అక్కర్లేదు. చాలామంది చదవడం ఇక్కడితో ఆపేస్తారు.

ఆ వెసులుబాటు కార్యక్రమం జరుగుతున్నంతసేపటికే. పాట సాహిత్యాన్ని తెర మీద చూపడం కూడా ఆరాధనలో భాగమేనని వాదించవచ్చు. అదే పాటను జిరాక్స్ షాపులో పుస్తకంగా కట్టించి పంచితే అది నకలు. పాడిన పాటను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడితే ఆరాధన ముగిసిన తర్వాత కూడా లోకమంతా వింటూనే ఉంటుంది. అమెరికా చట్టమూ దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. ప్రార్థనా స్థలంలో ఆరాధన వేళ పాడుకోవడానికి అక్కడా మినహాయింపు ఉంది, ప్రసారానికి లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన తెలుగువాళ్ల సంఘం ఆదివారం ఆరాధనను లైవ్ పెట్టాలంటే పాటలకు లైసెన్సు చూసుకోవాలి. పాటల వాడకానికి అక్కడ సీసీఎల్ఐ లాంటి సంస్థలు 1980ల చివరి నుంచి చర్చిలకు ఏడాది లైసెన్సులు ఇస్తున్నాయి.

పాత కీర్తన కదా, దానికేముంది అంటారు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. మొదట యాభై ఏళ్లే ఉండేది. 1941లో పోయిన టాగూర్ రచనల గడువు ముగిసే వేళకు, 1992లో దాన్ని అరవైకి పెంచారు. ఈ లెక్కన చౌదరి కీర్తనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. జాషువా సంగతి వేరు. ‘క్రీస్తు చరిత్ర’కు ఆయన 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు, 1971లో పోయారు. 2031 ముగిసేదాకా ఆ పద్యాలపై హక్కు ఉంటుంది. క్రిస్మస్ ఆరాధనలో వాటిని కమ్మగా చదువుకోవచ్చు. సంఘం ప్రత్యేక సంచికలో అచ్చువేయాలంటే అడగాల్సిందే.

చౌదరి కీర్తనతోనూ ఒక చిక్కుంది. సాహిత్యం స్వేచ్ఛగా ఉన్నా, మన పిల్లలు దానికి వాడే ట్రాకు నిన్నగాక మొన్న ఎవరో స్టూడియోలో డబ్బు పోసి చేయించినది. రికార్డుకు వేరే హక్కు, దానికీ అరవై ఏళ్లు. వీడియో పెట్టిన కాసేపటికే యూట్యూబ్ నుంచి క్లెయిమ్ వస్తే “పాట పాతదే కదక్కా” అని మా కీబోర్డు వాయించే కుర్రాడు విస్తుపోయాడు. పాట పాతదే నాయనా, ఆ తబలా కొత్తది. సినిమా బాణీలకు భక్తి మాటలు కట్టి పాడే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. కూటంలో పాడితే సరే. ఆల్బమ్ చేస్తే మాత్రం బాణీ కట్టిన స్వరకర్తకు, హక్కులున్న సంస్థకు చెప్పకుండా కుదరదు.

క్రిస్మస్ పుస్తకం వేసేముందు ఒక పాట రచయిత నంబరు వెతికి పట్టుకున్నాను. గోదావరి జిల్లాలో ఒక పల్లె సంఘానికి కాపరి, పెద్దాయన. “వందనాలండి అయ్యగారూ, మీ పాట మా పుస్తకంలో వేసుకోవచ్చా?” అన్నాను. కాసేపు అవతల ఏమీ వినిపించలేదు. “ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా,” అన్నారు. తర్వాత గొంతు సర్దుకుని, “రెండో చరణంలో మాట మార్చి పాడుతున్నారట అందరూ. నేను రాసింది రాసినట్టు వేయండి. చాలు” అన్నారు. డబ్బు ఊసే ఎత్తలేదు. పాటను మొత్తం ఫోన్లోనే నెమ్మదిగా చెప్పి రాయించారు. మేం పాడుతున్న మాటకన్నా ఆయన రాసిన మాట ఎంతో బాగుంది, తాళానికి కూడా సరిగ్గా కూర్చుంది. రచనను వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు, తన పేరు తనకు దక్కించుకునే హక్కు రచయితకు 57వ సెక్షన్ ఇస్తుంది. హక్కులు అమ్మేసుకున్నా ఈ రెండూ ఆయన దగ్గరే ఉంటాయి. అనుమతిని వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసి పంపమని అడిగాను. ఆయన మనవరాలు పంపింది.

లేఖనాల విషయంలోనూ ఇంతే. బైబిల్ ప్రాచీనమే అయినా అనువాదాలకు హక్కుదారులున్నారు. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా తన అనువాదాలపై హక్కును పుస్తకంలోనే ప్రకటిస్తుంది. చదవడానికి ఎవరూ అడ్డురారు. కరపత్రాలు, క్యాలెండర్లు వేసేవాళ్లు ముందు ఆ పేజీ చూసుకోవాలి. ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు అనువాదాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చారు. మూలం పేరు వేసి, మార్పులు చేస్తే వాటినీ అదే లైసెన్సులో ఉంచితే చాలు, అచ్చు కూడా వేసుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన సంఘాలు చాలా తక్కువ.

సినిమా దగ్గరే పేచీ. ‘జెడ్ఏ’ క్లాజులో పాట, రచన, నాటకం, రికార్డు ఉన్నాయి గానీ సినిమా మాట లేదు. 1978లో భీమ్‌సింగ్ తీసిన ‘కరుణామయుడు’ను తెల్ల దుప్పటి కట్టి, నేల మీద కూర్చుని చూసిన ఊళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. విజయచందర్ శిలువ మోస్తుంటే మా అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం నాకు గుర్తే. ఆ సినిమా మీద హక్కు 2038 చివరిదాకా ఉంటుంది. ఇంట్లో చూడ్డానికి కొన్న డిస్కును, ఇంటికి కట్టుకున్న ఓటీటీని హాల్లో ప్రొజెక్టరుకు తగిలించి అందరికీ వేయడానికి ఆ కొనుగోలు చెల్లదు. గుడ్ ఫ్రైడేకి సినిమా వేద్దామని మా విద్యార్థులు అడిగినప్పుడు, నిర్మాతల వైపు నుంచి అనుమతి కాగితం వస్తేనే అన్నాను. సమయానికి రాలేదు.

అదే 52వ సెక్షన్‌లో ఇంకో దారి కనిపించింది. టికెట్ పెట్టకుండా ఔత్సాహిక బృందం నాటకం ఆడితే అనుమతి అడగనక్కర్లేదు. తీరా ఆ అవసరం కూడా రాలేదు. ఎమ్మే చదువుతున్న ఒకమ్మాయి పేతురు బొంకిన రాత్రి మీద అరగంట నాటకం తానే రాసింది. చలికాచుకునే మంట దగ్గర పేతురు మొహం తిప్పుకునే చోట హాలంతా ఊపిరి బిగబట్టింది. ప్రతులు తీయించేటప్పుడు మొదటి పేజీలో ఆమె పేరు, కింద ఏడాది వేయించాను. వారం తిరక్కుండా యానాంలో ఒక సంఘం వాళ్లు ఫోన్ చేశారు, ఆ నాటకం తమకూ పంపమని. ఆ అమ్మాయి నంబరు ఇచ్చి, ఆమెనే అడగమన్నాను.