‘టార్’ : గుణదోష విచారణ

యూనిక్స్ సర్వరులో ఆపరేటింగ్ సిస్టమును తిరిగి స్థాపించునపుడు డిస్కును చెరిపివేయుట పరిపాటి. అంతకు ముందు అందలి ఫైళ్ళను మూటగట్టుటకు 1979లో బెల్ ప్రయోగశాలల యూనిక్స్ ఏడవ కూర్పుతో వచ్చిన ‘టార్’ నేటికిని వాడుకలో ఉన్నది. అయస్కాంత టేపుల కొరకు పుట్టిన ఈ సాధనము ఇంతకాలము నిలుచుటకు దాని నిరాడంబరతయే కారణము. ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల శీర్షికలో పేరు, పరిమాణము, అనుమతులు, యజమాని సంఖ్య వ్రాయును; పిమ్మట ఫైలును యథాతథముగా ఉంచును.

లోపము కూడ ఇక్కడనే కలదు. శీర్షికలోని బైట్లను కూడి, ఆ మొత్తమును అందే వ్రాయుదురు. అది శీర్షికలోని తప్పును పట్టును గాని, ఫైలులోని తప్పును పట్టజాలదు. చీటీ సరిచూచి, మూట విప్పక పంపు గుమాస్తా వంటిది! జిజిప్‌తో కుదించినచో, అది తన లెక్కను తానుంచుకొనును గనుక, ఈ లోటు కొంత తీరును.

యజమాని సంగతి మరింత చిక్కైనది. తొలి టార్ సంఖ్యనే దాచెను. కొత్త వ్యవస్థలో 1001 అను సంఖ్య వేరొకరికి పడినచో, ఒకరి ఉత్తరములు మరొకరి వశమగును. 1988 నాటి పోసిక్స్ ప్రమాణము పేరును కూడ చేర్చినది. అయినను ఆ పేరు కొత్త వ్యవస్థలో లేనిచో మరల సంఖ్యయే గతి. కావున వినియోగదారుల పట్టికను ముందుగా పునరుద్ధరింపవలెను.

మూటను మూలముతో పోల్చుటకు గ్నూ టార్‌లో ప్రత్యేకమైన ఆజ్ఞ కలదు. డిస్కును చెరిపిన పిమ్మట దానికి పోల్చుటకు మూలమే ఉండదు.