పదో ఏడంటే ఏ ఏడు?

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటే లోపల్నుంచి ఓ రసీదు జారిపడింది. గొడుగు బాగుచేతకి ఇచ్చిన రసీదు. ఉర్దూ అచ్చు, తేదీ 'తీర్ 1346 ఫస్లీ'. నిజాం సర్కారు లెక్కే కదా అని 590 కలిపి, "1936" అన్నాను గొప్పగా.

"ముప్ఫై ఏడు సార్," అన్నాడు పుస్తకాలాయన. "ఆజూర్ నెల అక్టోబర్‌ల షురూ అయితది. జనవరి దాటితే ఇంకొకటి కలపాలె."

నాంపల్లి దాకా నడిచి, ఇరానీ చాయ్ ముందు కూర్చుని లెక్కేశాను. తీర్ వేసవి నెల; ఆ 1937 వేసవి హిజ్రీలో 1356, మన పంచాంగంలో ఈశ్వర. దక్కనులో షాజహాన్ కాలాన, 1636లో, ఫస్లీ హిజ్రీ రెండూ 1046 దగ్గరే బయల్దేరాయి. హిజ్రీని నడిపే చంద్రుడు ఏడాదికి పదకొండు రోజులు మిగుల్చుకుంటూ పదేళ్లు ముందుకెళ్లిపోయాడు.

ఉగాదికి రెండు పంచాంగాలు రెండు తేదీలు చెప్పినప్పుడల్లా నేను పోట్లాడుతూనే ఉంటాను. ఒక్క లెక్క ఉంచి మిగతావి అటకెక్కించాలనే మనిషిని. నా సాక్ష్యం ఇదీ: విష్ణుకుండిన వంశపు రాజు రెండో విక్రమేంద్రవర్మ చిక్కుళ్ల శాసనంలో ఉన్నది రాజ్యం పదో ఏడని మాత్రమే. ఏ పదో ఏడు? తుమ్మలగూడెం రాగిరేకుల్లో శక 488 కనబడ్డాకే ఆ వంశానికి ఒక గుంజ దొరికింది. క్రీ.శ. 566 అన్నమాట.

ఆ రేకు చెక్కినవాడికి తాను 566లో ఉన్నట్టు తెలీదు. క్రీస్తు నుంచి లెక్కించడం రోములో డయోనీసియస్ 525లో ఈస్టర్ పట్టిక కోసం మొదలుపెట్టాడు, దాన్ని వాడేవాళ్లు ఇంకా అరుదు. 566 వేసవినే అలెగ్జాండ్రియా క్రైస్తవులు డయోక్లీషియన్ గద్దెనెక్కిన దగ్గర్నుంచి 282 అనేవారు. సిరియాలో సెల్యూకస్ లెక్కన 877. కాన్‌స్టాంటినోపుల్ గుమస్తాలకి పదిహేనేళ్ల పన్ను చక్రంలో పద్నాలుగో ఏడు. ఎన్నో చక్రమో రాయరు, మన ప్రభవ విభవల్లాగే! హిజ్రీ ఇంకా పుట్టనే లేదు.

ఇక నా వాదం గెలిచినట్టే అనుకున్నాను. కానీ చిక్కుళ్ల శాసనం విన్న ఊరివాళ్లకి పదో ఏడంటే అనుమానమేముంది? రాజెవరో తెలుసు. అనుమానం మనకే. మా నానమ్మ 'మూసీ పొంగిన యేడు' పుట్టింది. ఆమె నోట 1908 అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

చాయ్ అయ్యాక రసీదు తిరగేశాను. వెనక పెన్సిల్‌తో, వంకర తెలుగులో ఎవరో రాసుకున్నారు: 'మృగశిర లోపల ఇయ్యాలె.'